ఇంటి కెమెరాకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలా, ఆగాలా?

హనుమకొండలో ఇంటికి తాళం వేసి మేడారం జాతరకో, హైదరాబాద్‌లోని పిల్లల దగ్గరికో వెళ్లేవారు గుమ్మం మీది కెమెరాను నమ్ముకునే వెళ్తారు కాబట్టి, దాని ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ విషయంలో తొందరపాటు, నిర్లక్ష్యం రెండూ తగవు.

ముందుగా కొత్త వెర్షన్‌తో కంపెనీ ఇచ్చిన వివరణ చదవాలి. అందులో భద్రతా లోపాన్ని సరిదిద్దినట్లు ఉంటే, ఇంటర్నెట్‌కు కలిపిన కెమెరా విషయంలో ఆలస్యం చేయకూడదని నా గట్టి అభిప్రాయం. 2021లో అనేక హిక్‌విజన్ కెమెరాలలో బయటపడిన లోపం, పాస్‌వర్డ్ తెలియకుండానే దూరం నుంచి కెమెరాను వశం చేసుకోవడానికి వీలిచ్చేది. కంపెనీ విడుదల చేసిన కొత్త ఫర్మ్‌వేరే ఆ లోపాన్ని పూడ్చింది. కేవలం కొత్త సదుపాయాలే ఉంటే కొన్ని వారాలు ఆగవచ్చు.

చేయాలని నిర్ణయించాక, మోడల్ నంబరును, హార్డ్‌వేర్ వెర్షన్‌ను కెమెరా లేబుల్‌తో సరిచూసి, ఫైలును కంపెనీ యాప్ లేదా వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. అవసరమైన వీడియోలను ముందే కాపీ చేసుకోవాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే కెమెరా మళ్లీ ఆన్ కాకపోవచ్చు. ఎండాకాలం సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తే మన దగ్గర సరఫరా ఆగడం మామూలే గనుక, ఉదయం పూట, కెమెరాను, రూటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపి ఈ పని చేయడం మంచిది. ఊరికి బయలుదేరే రోజున మాత్రం చేయకూడదు. కొన్ని అప్‌డేట్‌లు సెట్టింగులను మార్చేస్తాయి కాబట్టి, పూర్తయ్యాక తేదీ, సమయం, కదలిక హెచ్చరిక, రికార్డింగ్ సరిగా ఉన్నాయో లేదో తప్పక చూడాలి.