చెన్నైలో ఈవీని (ఎలక్ట్రిక్ కారుని) నెలల తరబడి వదిలి వెళ్లాలంటే

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లొచ్చేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. చార్జింగ్ సగం పైన ఉంచి తాళం వేసి వెళ్లండి. కూతురి పురుటికని అమెరికా వెళ్లి నాలుగైదు నెలలు ఉండొచ్చేవాళ్లకే చిక్కు.

అందరి బెంగా పెద్ద బ్యాటరీ మీదే. నిజానికి తిరిగొచ్చేసరికి మొండికేసేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. తలుపు తాళాలు, అలారం, యాప్‌కు సమాచారం పంపే సిమ్, అన్నీ దాని మీదే బతుకుతాయి. పెద్ద బ్యాటరీని మోటారుతో కలిపే స్విచ్చులు (కాంటాక్టర్లు) మూసుకోవాలన్నా దాని కరెంటే కావాలి. అది చచ్చిందంటే, పెద్దదాంట్లో 60 శాతం ఉన్నా కారు కదలదు. కొన్ని మోడళ్లు పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని వాటంతటవే నింపుకుంటాయి. మీది ఆ రకమో కాదో మాన్యువల్‌లో చూడండి.

కాకపోతే రెండు దారులు. నమ్మకమైన మనిషికి తాళం ఇచ్చి, రెండు వారాలకోసారి కారు ఆన్ చేసి గంటసేపు ఉంచమనండి. బ్రేక్ తొక్కి బటన్ నొక్కాలి, డాష్‌బోర్డులో రెడీ గుర్తు వెలగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బ్రేక్ తొక్కకుండా నొక్కితే స్క్రీన్ వెలుగుతుంది, పాటలూ వస్తాయి, కానీ చిన్న బ్యాటరీ నిండదు సరికదా ఇంకా దిగిపోతుంది.

అలాంటి మనిషి దొరక్కపోతే, మాన్యువల్ ఒప్పుకుంటే, చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయండి. చాలా కార్లకు 10 ఎంఎం స్పానర్ చాలు. కారు ఆపి, చార్జర్ తీసేసి, పది నిమిషాలు ఆగాక విప్పి, తీగ కొనకు గుడ్డ చుట్టండి. పెద్ద బ్యాటరీకి చెందిన నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం పోకండి. రిమోట్‌లో దాగున్న మామూలు తాళంచెవి తలుపు తీస్తుందో లేదో ముందే చూసుకోండి. మీటర్‌తో కొలిచినప్పుడు లెడ్ యాసిడ్ రకం చిన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం.

పెద్ద బ్యాటరీని 50 నుంచి 60 శాతం మధ్య వదలండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీని అప్పుడప్పుడు నూరు దాకా నింపమంటారు కదా అని నింపి వెళ్లకండి. ఆ సలహా రోజూ తిరిగే బండికి. కత్తిరి ఎండల్లో నిండు చార్జితో నిలబడితే ఏ బ్యాటరీ అయినా త్వరగా ముసలిదవుతుంది. చార్జింగ్ పరిమితి పెట్టుకునే వీలుంటే తప్ప ప్లగ్గు తగిలించి వెళ్లొద్దు. కారు ఎక్కడుందా అని యాప్ తెరిచినప్పుడల్లా కారు నిద్ర లేచి బ్యాటరీ వాడుకుంటుంది, ఆ సరదా మానుకోండి. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ కూడా ఆపండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వెళ్తుంటే చోటే ముఖ్యం. బేస్‌మెంట్ వద్దేవద్దు. 2015 వరదల్లో, 2023 మిచాంగ్ తుఫానప్పుడు బేస్‌మెంట్లలో మునిగిన కార్లు ఎన్నో. వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరసకట్టడం ఊరికే కాదు. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి ముందే పై అంతస్తు పార్కింగ్ మాట్లాడుకోండి. కారు మునిగితే ఎవరూ ఆన్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తరలించాలి. ఈ మాట తాళం తీసుకున్నవాళ్లకు చెప్పి వెళ్లండి.

టైర్లలో డోర్ స్టిక్కర్ మీది అంకె కన్నా రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ కొట్టించండి. చేతి బ్రేకు ఉన్న కారైతే, సమనేల మీద ఆపి, పీ (పార్కింగ్) గేరు ఉంటే అందులో పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టండి, బ్రేకు లాగొద్దు. లాగి ఉంచితే సముద్రపు గాలికి వెనక బ్రేకు షూలు అతుక్కుపోతాయి. సీట్ల కింద చిరుతిళ్ల ముక్కలు ఊడ్చేయండి, ఎలుకలు తీగల దాకా వస్తాయి.

తిరిగొచ్చాక కారు స్పందించకపోతే కంగారు పడకండి. ఇంజన్ తిప్పే పని లేదు కాబట్టి చిన్న జంప్ స్టార్టర్ సరిపోతుంది. కదిలాక మొదటి కిలోమీటరు నెమ్మదిగా, రీజెన్ (యాక్సిలరేటర్ వదలగానే మోటారే బండిని నెమ్మదింపజేసే పద్ధతి) తగ్గించి, బ్రేకు మెల్లమెల్లగా నొక్కుతూ నడపండి. డిస్కుల మీది తుప్పు గరగరలాడి పోతుంది. పోకపోతే మెకానిక్‌కు చూపించండి.