షవర్ నేల: టైల్ వేసే ముందే అయిపోవాల్సిన పని

షవర్ నేలలో నీళ్లని ఆపేది టైల్ అని చాలామంది అనుకుంటారు, కాదు. టైల్ ఎంత గట్టిదైనా వాటి మధ్య నింపే సిమెంటు గ్రౌట్ నీళ్లు పీల్చుకుంటుంది, రోజూ కొద్దికొద్దిగా కిందికి దిగుతూనే ఉంటాయి. ఆ దిగిన నీళ్లు ఎక్కడ ఆగాలి, ఆగాక ఎటు పోవాలి అన్నదే అసలు పని.

ముందు వాలు. అడుగుకి పావు అంగుళం, మీటర్లలో అయితే మీటరుకి 2 సెంటీమీటర్లు. నీళ్లు బయటికి పోయే జాలీకి అన్నిటికంటే దూరంగా ఉన్న మూలతో లెక్క మొదలుపెట్టండి: అది 4 అడుగుల దూరంలో ఉంటే అక్కడ నేల జాలీ కంటే ఒక అంగుళం ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తులోనే రసమట్టం పెట్టి చుట్టూ గోడలన్నిటి మీదా గీత గీసేయండి, జాలీకి దగ్గరగా ఉన్న గోడ మీద కూడా. దగ్గరి గోడ వైపు వాలు కాస్త ఎక్కువవుతుంది, ఏం ఫర్వాలేదు. అంచు అంతా ఒకే మట్టంలో ఉంటే గోడ టైల్స్ కింది వరసని ఏటవాలుగా కోసుకునే బాధ తప్పుతుంది.

వాలు చేసే మాలుకి సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగైదు పాళ్లు, నీళ్లు మాత్రం చాలా తక్కువ. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. జారుగా కలిపితే చేసిన వాలు చేసినట్టు నిలవదు, ఆరాక పగుళ్లు కూడా వస్తాయి. స్లాబ్ మీద దుమ్ము లేకుండా కడిగి, నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు పాలు పూసి, అవి పచ్చిగా ఉండగానే మాలు వేసి గట్టిగా కొట్టి, తిన్నని బద్దతో గోడ గీత నుంచి జాలీ దాకా లాగండి.

వాటర్‌ప్రూఫింగ్ పూత ఈ వాలు మీద రావాలి. ఎక్కువ బాత్రూముల్లో చెడేది ఇక్కడే: చదునైన స్లాబ్ మీద పూత పూసేసి, దాని పైన మాలుతో వాలు చేసి టైల్ అంటిస్తారు. నీళ్లు కింది గదిలోకి దిగవు, నిజమే, కానీ జాలీలోకి పోయే దారి లేక మాలులోనే నిలిచిపోతాయి. కొన్నాళ్లకి ఎంత కడిగినా పోని వాసన, ఎప్పుడూ తడిగా నల్లగా కనిపించే గ్రౌట్. అప్పుడు పగలగొట్టడం తప్ప దారి ఉండదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పూత మూలలతో మొదలుపెట్టండి. నేల, గోడ కలిసే చోట, పైపులు బయటికొచ్చే చోట ముందు ఒక చెయ్యి పూసి, అది తడిగా ఉండగానే ఫైబర్ మెష్ పట్టీ అద్ది, దాని మీద మళ్లీ పూయండి. తర్వాత నేలంతా రెండు కోట్లు, మొదటిది నిలువుగా పూస్తే రెండోది అడ్డంగా. రెండు రంగుల్లో దొరికితే ఇంకా మంచిది, వదిలేసిన చోటు కంటికి కనిపిస్తుంది. నీళ్లు పడే గోడలకి షవర్ ఎత్తు దాకా పూయాలి, గుమ్మం దగ్గరి గట్టుకైతే పైనా బయటి వైపూ కూడా. జాలీ దగ్గర పూత పైపు నోటి లోపలి అంచు దాకా దిగాలి, అంచు బయటే ఆపేస్తే నీళ్లు పైపు పక్క నుంచి కిందికి జారిపోతాయి.

పూత పూర్తిగా ఆరాక జాలీ మూసేసి, గట్టు దాటకుండా రెండు అంగుళాల నీళ్లు పెట్టి, గోడ మీద మట్టం గుర్తు గీసి 24 గంటలు వదిలేయండి. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానికీ గుర్తు పెడితే ఆవిరై తగ్గిందెంతో తెలుస్తుంది, మిగతాది కారినట్టే. పని చేసేవాళ్లు ఎంత తొందరపెట్టినా ఈ ఒక్క రోజు మాత్రం వదులుకోవద్దు. కింది గది పైకప్పు కూడా చూడండి.

జాలీ మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాలు వస్తుంది కాబట్టి రెండు అంగుళాల చిన్న టైల్స్ తేలిగ్గా ఒదుగుతాయి. పెద్ద టైల్సే కావాలంటే గోడ వెంబడి పొడవాటి జాలీ పెట్టి వాలు ఒకే వైపుకి ఇవ్వండి. నున్నటి పాలిష్ టైల్ నేలకి వద్దు, కాలు జారుతుంది. టైల్ అంటించే అడెసివ్‌ని నాలుగు మూలలా ముద్దలు పెట్టి అంటించకుండా పళ్ల తాపీతో అంతటా పరచాలి, మధ్యమధ్యలో ఒక టైల్ ఎత్తి వెనక చూడండి, ఖాళీ కనిపిస్తే అక్కడ నీళ్లు చేరతాయి.

సిమెంటుకి బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ నీళ్లు దాదాపు పీల్చదు, కానీ త్వరగా గట్టిపడుతుంది, కొంచెం కొంచెంగానే కలుపుకోండి. నేలా గోడా కలిసే మూలలో మాత్రం గ్రౌట్ కాకుండా సిలికాన్ వేయండి, రెండు వైపులూ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి అక్కడ గ్రౌట్ చీలిపోతుంది. కొన్నేళ్లకి సిలికాన్ నల్లబడినా బ్లేడుతో కోసి తీసేసి, ఆరనిచ్చి, కొత్తది వేసుకోవచ్చు.