పొట్టి డొమైన్ కొనేముందు చూసుకోవాల్సినవి

ఒకటి, రెండు, మూడు అక్షరాల డొమైన్ (వెబ్‌సైట్ పేరు) మీద డబ్బు పెట్టేముందు దాని చివరి తోక (డాట్ కామ్ లాంటిది) ఏ రిజిస్ట్రీ (ఆ తోకతో ఉన్న పేర్లన్నిటినీ నడిపే సంస్థ) చేతిలో ఉందో, పొట్టి పేర్లకు వాళ్లు పెట్టిన నియమాలేమిటో చదవండి. పేరు నచ్చడం తర్వాతి సంగతి.

డాట్ కామ్, నెట్, ఆర్గ్‌లలో ఒక్కక్షరం పేర్లను 1993 డిసెంబరులోనే ఆపేశారు. ఎక్స్.కామ్, క్యూ.కామ్ లాంటివి అప్పటికే ఇచ్చేసినవి కాబట్టి మిగిలాయి. వేరే ఒక్కక్షరం డాట్ కామ్ ఇప్పిస్తామంటూ ఎవరైనా మెయిల్ పంపితే నమ్మకండి. ఇంగ్లిష్‌లో రెండక్షరాల కలయికలు 676, మూడక్షరాలవి 17,576. డాట్ కామ్‌లో ఇవన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఓనర్ దగ్గర కొనుక్కోవాల్సిందే.

దేశాల కోడ్‌లతో ముగిసేవాటిలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ ఆ దేశపు మాటే చెల్లుతుంది. జర్మనీ డాట్ డీఈ 2009లో ఒకటి, రెండు అక్షరాల పేర్లను అందరికీ తెరిచింది. లిబియా డాట్ ఎల్‌వై 2010లో నాలుగక్షరాలకు తక్కువున్న పేర్లను స్థానికులకే పరిమితం చేసింది. వాడుకలో ఉన్న వీబీ.ఎల్‌వైని అక్కడి చట్టానికి విరుద్ధమంటూ అదే ఏడాది రద్దు చేసింది. డబ్బు కట్టినంత మాత్రాన పేరు మీదైపోదు.

కొత్త తోకల్లో పొట్టి పేర్లు ఎక్కువగా ప్రీమియం కింద, అంటే మామూలుకన్నా ఎక్కువ ధరకు, పెడతారు. మొదటి ఏడాది ధర చూసి ఆగకండి. రెన్యువల్ కూడా ప్రీమియం రేటేనా అని రిజిస్ట్రార్‌తో (మీకు పేరు రిజిస్టర్ చేసిపెట్టే కంపెనీతో) రాతపూర్వకంగా చెప్పించుకోండి.

మూడక్షరాలంటే ఏదో ఒక సంస్థ పొడి అక్షరాలే అయ్యుంటాయి. ట్రేడ్‌మార్క్ ఓనర్ ఫిర్యాదు చేసి, మీకు ఆ పేరుపై హక్కు లేదనీ, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారనీ రుజువు చేస్తే పేరు పోతుంది. ముందే వెతకండి. వాళ్లకే అమ్మజూపుతూ మెయిల్ పెట్టారంటే అదే సాక్ష్యమవుతుంది.

ఓనర్ దగ్గర కొంటే ఎస్క్రో (పేరు చేతులు మారేదాకా డబ్బును మూడో సంస్థ దగ్గర ఉంచడం) తప్పనిసరి. డొమైన్ మీ అకౌంట్‌లోకి వచ్చి, రిజిస్ట్రార్ రికార్డులో మీ పేరు పడ్డాకే డబ్బు వదలమనండి. ఆ పేరుతో ఉన్న పాత పేజీలు వేబ్యాక్ మెషిన్‌లో (పాత వెబ్ పేజీల కాపీలు దాచే సైట్) చూడండి, స్పామ్ బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో వెతకండి. గతంలో స్పామ్‌కు వాడిన పేరైతే మీ మెయిళ్లు కూడా చేరవు.

చేతికొచ్చాక వచ్చే వెరిఫికేషన్ మెయిల్‌కు 15 రోజుల్లో స్పందించండి, లేకపోతే సైట్ ఆగిపోవచ్చు. కాంటాక్ట్ ఈమెయిల్‌గా అదే డొమైన్ అడ్రస్ మాత్రం ఇవ్వొద్దు: డొమైన్ ఆగిన రోజున మెయిల్ కూడా ఆగుతుంది, హెచ్చరికలు మీకు చేరవు. ట్రాన్స్‌ఫర్ లాక్ (పేరు వేరే రిజిస్ట్రార్‌కు మారకుండా ఆపేది), రెండంచెల లాగిన్ పెట్టండి. రిజిస్ట్రీ లాక్ (రిజిస్ట్రీ దగ్గరే మార్పుల్ని ఆపే తాళం) దొరికితే ఖర్చయినా తీసుకోండి.

గడువు తీరాక 30 రోజుల రిడెంప్షన్ (పేరును తిరిగి తెచ్చుకునే గడువు) ఉంటుందన్న ధీమా వద్దు. చాలామంది రిజిస్ట్రార్లు అంతకుముందే గడువు తీరిన పేరును వేలానికి పెడతారు, పొట్టి పేరైతే కొనేవాళ్లు కాచుకుని ఉంటారు. గరిష్ఠంగా 10 ఏళ్లకు ఒకేసారి కట్టి, ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంచి, కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో కూడా రాసి పెట్టుకోండి.