పేటెంటు సలహాదారు పని, 4వ పాఠం: క్లెయిములు రాయడం

ఆవిష్కర్త నోటి నుంచి విషయం రాబట్టి, అందులో కొత్తదనం ఎక్కడుందో వెతకడం గత పాఠంలో చూశాం. ఆ కొత్తదనానికి హద్దులు గీసే క్లెయిములను ఈసారి నేర్చుకుందాం. పొలం అమ్మకపు దస్తావేజులో నేల ఎంత సారవంతమో ఎవరూ రాయరు, చెక్కుబంది రాస్తారు. అలాగే పేటెంటు కోసం ఫారం 2తో దాఖలు చేసే వివరణలో (స్పెసిఫికేషన్‌లో) వర్ణన, బొమ్మలు ఎంత చక్కగా ఉన్నా, రేపు తగాదా వస్తే హక్కు ఎంతవరకో తేల్చేది క్లెయిములే.

అనంతపురంలో వెల్డింగు షాపు నడిపే ఒకాయన చెనిక్కాయలు ఒలిచే మిషనుతో మన దగ్గరకు వచ్చాడనుకుందాం. పాత మిషనులో తిరిగే డ్రమ్ముకూ కింది జల్లెడకూ మధ్య సందు ఒకసారి బిగిస్తే కదలదు కాబట్టి, లావు కాయ పడితే పప్పు బద్దలవుతుంది, సన్నకాయ ఒలవకుండానే జారిపోతుంది. విత్తనానికి దాచుకునే రైతుకు బద్దలతో పనిలేదు. ఈయన జల్లెడ కింద స్ప్రింగులు పెట్టాడు. లావు కాయ రాగానే జల్లెడ కాస్త దిగి, మళ్లీ లేస్తుంది.

"రాసుకో సార్, పద్దెనిమిది అంగుళాల డ్రమ్ము, ఒక హెచ్‌పీ మోటారు, నాలుగు స్ప్రింగులు, నీలం తొట్టి" అంటాడాయన. అలాగే రాస్తే, మూడు స్ప్రింగులతోనో రబ్బరు దిమ్మెతోనో చేసిన పక్క షాపువాడు హద్దు దాటకుండానే తప్పించుకుంటాడు. అలాగని "డ్రమ్ము, జల్లెడ ఉన్న ఒలుపు యంత్రం" అని రాస్తే అది ఊరంతటికీ తెలిసిన పాత మిషనే అవుతుంది, కొత్తదనం లేదని పేటెంటు కార్యాలయ పరీక్షకుడు తోసిపుచ్చుతాడు. ఈ రెండింటి నడుమ నిలిచేది ఇలా ఉంటుంది:

"తిరిగే డ్రమ్ము, దాని కింద అమర్చిన జల్లెడ గల కాయలు ఒలిచే యంత్రంలో, కాయ లావును బట్టి డ్రమ్ముకూ జల్లెడకూ నడుమ సందు దానంతట అదే మారేలా, ఒత్తిడికి దిగి తిరిగి లేచే ఆధారంపై ఆ జల్లెడ నిలిచి ఉండటం."

స్ప్రింగు అన్న మాటను రెండో క్లెయిములోకి, రబ్బరును మూడోదానిలోకి దింపాలి. మొదటిది పడిపోయినా ఇవి నిలబడే వీలుంటుంది. తొట్టి రంగును వదిలేయండి. ఒక్కో క్లెయిము ఒకే వాక్యంగా సాగాలి. పది దాటితే ప్రతి అదనపు క్లెయిముకు రుసుము కట్టాలి. 1970 పేటెంట్ల చట్టం 3వ సెక్షను వ్యవసాయ పద్ధతులకు పేటెంటు ఇవ్వదు కనుక మనం హక్కు కోరేది యంత్రానికే.

చెన్నై పేటెంటు కార్యాలయానికి పంపే పత్రాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి. అయినా నేను మొదటి ముసాయిదాను తెలుగులోనే రాసి, మిషను పక్కనే నిలబడి ఆవిష్కర్తకు చదివి వినిపిస్తాను. "రబ్బరు పెట్టి చూశాను సార్, వారానికే అణిగిపోయింది" లాంటి మాట అప్పుడే బయటపడుతుంది, ఏ ఆధారం మేలో వర్ణనలో చేర్చుకునే అవకాశం దొరుకుతుంది. ముందుగా తాత్కాలిక వివరణ దాఖలు చేస్తే, అప్పటినుంచి 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. పూర్తి వివరణలో లేని సంగతిని తర్వాతి సవరణతో చేర్చడాన్ని 59వ సెక్షను ఒప్పుకోదు.

అభ్యాసం: మీ ఇంట్లోని తిరగలికి, పైరాయి ఎత్తు మార్చుకునే మర (స్క్రూ) ఒకటి బిగించారనుకుని మూడు క్లెయిములు రాయండి. మొదటిదాన్ని తప్పించుకుంటూ అదే పని చేసే తిరగలిని మీరే ఊహించి, దాని బొమ్మను పక్కన గీయండి. వచ్చే పాఠం ఆ బొమ్మతోనే మొదలవుతుంది.