కోబాల్‌లో పాత రికార్డు లేఔట్ నుంచి కొత్త లేఔట్‌కు ఫీల్డులను మార్చడం ఎలా?

కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడే స్థిర నిడివి ఫైళ్లలో (రికార్డులన్నీ ఒకే పొడవున్నవి) ఒక ఫీల్డు, అంటే పేరు, నిల్వ లాంటి ఒక్కో అంశం, ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో చూపించే కామా గానీ, ట్యాబ్ గానీ ఉండదు. ఏ బైటు నుంచి ఏ బైటు వరకు ఏ ఫీల్డు ఉందో చెప్పేది కాపీబుక్ (రికార్డు లేఔట్‌ను రాసిపెట్టిన వివరణ) ఒక్కటే. కాబట్టి బ్యాంకులోనో బీమా సంస్థలోనో పాత ఫైలును కొత్త వ్యవస్థకు అప్పగించవలసి వచ్చినప్పుడు ప్రోగ్రాము రాయడం కంటే రెండు లేఔట్లను పక్కపక్కన పెట్టుకుని చదవడానికే ఎక్కువ సమయం కేటాయించాలి. ఒక ఫీల్డు విలువను మరొక దానిలోకి కాపీ చేసే మూవ్ స్టేట్‌మెంటు ఆ విలువను కత్తిరించినా, తప్పు చోట పెట్టినా ఎర్రర్ ఇవ్వదు. ఈ పనిలో జాగ్రత్తలన్నీ దాదాపు ఆ ఒక్క కారణం వల్లనే అవసరమవుతాయి.

1. రెండు లేఔట్లనూ స్థానాలతో రాసుకోండి

ఖాతాదారుల పాత ఫైలులో ఒక్కో రికార్డు 80 బైట్లు అనుకుందాం. పిక్ అనేది ఫీల్డు రూపాన్ని చెబుతుంది: 9 అంటే అంకె, ఎక్స్ అంటే ఏదైనా అక్షరం, ఎస్ అంటే ప్లస్, మైనస్ గుర్తు, బ్రాకెట్లలోది వాటి సంఖ్య. ఫిల్లర్ అంటే పేరు పెట్టని చోటు.

1–6: ఖాతా నంబరు, పిక్ 9(6)
7–36: పేరు, పిక్ ఎక్స్(30)
37–42: ఖాతా తెరిచిన తేదీ, రెండంకెల సంవత్సరంతో, పిక్ 9(6)
43–47: నిల్వ, పిక్ ఎస్9(7)వి99 కాంప్-3
48: స్థితి, పిక్ ఎక్స్
49–80: ఫిల్లర్

కొత్త రికార్డు 100 బైట్లు.

1–10: ఖాతా నంబరు, పిక్ 9(10)
11–35: పేరు, పిక్ ఎక్స్(25)
36–43: తేదీ, నాలుగంకెల సంవత్సరంతో, పిక్ 9(8)
44–55: నిల్వ, పిక్ ఎస్9(9)వి99 సైన్ లీడింగ్ సెపరేట్
56: స్థితి, పిక్ ఎక్స్
57–100: ఫిల్లర్

పాత నిల్వలో 9 అంకెలున్నా అది 5 బైట్లే ఎందుకు ఆక్రమిస్తుందో ముందుగా అర్థం చేసుకోవాలి. కాంప్-3 అనే ప్యాక్డ్ రూపంలో ఒక్కో బైటులో రెండేసి అంకెలు ఇముడుతాయి, చివరి అర బైటు ప్లస్, మైనస్ గుర్తుకు పోతుంది. అంకెల సంఖ్యను 2తో భాగించి, శేషాన్ని వదిలేసి, 1 కలిపితే బైట్ల లెక్క వస్తుంది. మామూలు కాంప్ (బైనరీ రూపం) అయితే సాధారణంగా 4 అంకెల వరకు 2 బైట్లు, 9 వరకు 4, 18 వరకు 8 పడతాయి. ‘వి’ దశాంశ స్థానాన్ని సూచిస్తుందే తప్ప బైటు తీసుకోదు. ఈ లెక్క ప్రకారం అన్ని ఫీల్డులనూ కూడితే సరిగ్గా 80, 100 రావాలి. రాకపోతే అక్కడే ఆగి తప్పు వెతకాలి. నిడివి కుదరని ఫైలును మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటరు) మీద ఓపెన్ చేస్తే, ఫైలు వివరాలు సరిపోలేదని చెప్పే ఫైల్ స్టేటస్ 39 అనే కోడ్ వస్తుంది కనుక, ప్రతి ఓపెన్ తర్వాత స్టేటస్ పరీక్షించే వాక్యం తప్పనిసరిగా రాయాలి.

2. ఫీల్డు వెంట ఫీల్డు మూవ్ చేయండి

పాత రికార్డు మొత్తాన్ని ఒకే మూవ్‌తో కొత్త రికార్డులోకి పంపకూడదు. గ్రూప్ స్థాయిలో, అంటే అనేక ఫీల్డులను కలిపి ఒకేసారి, చేసే మూవ్‌ను కోబాల్ అక్షరాల మూవ్‌గానే చూస్తుంది, అంటే ఏ మార్పిడీ లేకుండా బైట్లు ఉన్నవున్నట్టుగా కాపీ అవుతాయి. ఒకే పేరున్న ఫీల్డులను జత చేసే మూవ్ కరెస్పాండింగ్ సులువుగానే కనిపిస్తుంది కానీ, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న ఫీల్డును అది వదిలేసి ముందుకు పోతుంది. పది వాక్యాలు ఎక్కువైనా ఒక్కో ఫీల్డుకు ఒక్కో మూవ్ రాయడమే మేలు.

ప్రతి రికార్డుకూ ముందు కొత్త రికార్డు మొత్తానికి స్పేసెస్ (ఖాళీలు) మూవ్ చేసి, ఆపైన ఫీల్డులను నింపాలి. ఫీల్డులను ఖాళీ చేసే ఇనిషియలైజ్ స్టేట్‌మెంటు మీద మాత్రమే ఆధారపడితే, అది మామూలుగా ఫిల్లర్ జోలికి పోదు కనుక వెనకటి చెత్త అక్కడే మిగిలిపోవచ్చు.

ఖాతా నంబరు సంఖ్య నుంచి సంఖ్యకు వెళుతుంది కాబట్టి 004521 అనేది 0000004521 అవుతుంది. కొత్త ఫీల్డు పిక్ ఎక్స్(10) అయి ఉంటే అదే విలువ ఎడమకు చేరి కుడివైపు నాలుగు ఖాళీలు వచ్చేవి. పేరు దగ్గర అసలు చిక్కు ఉంది. అక్షరాల ఫీల్డు ఇరుకైనప్పుడు మూవ్ కుడివైపు కత్తిరిస్తుంది. ‘వెంకట సత్యనారాయణ మూర్తి’ ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీలతో కలిపి 28 వస్తుంది కనుక, 25 అక్షరాల ఫీల్డులో మూర్తి కాస్తా ‘ముర్’ దగ్గర ఆగిపోతుంది. ఇంటిపేరు కూడా రాసుకునే మన పేర్లకు 25 చాలదు. పాత పేరులో 26వ అక్షరం నుంచి 30 వరకు ఖాళీ కాని రికార్డులన్నింటినీ విడిగా ఒక ఫైలులో రాసి, వాటిని ఎలా కుదించాలో ఆ ఖాతాలను చూసే విభాగం వారినే అడగాలి.

నిల్వకు ‘మూవ్ పాత-నిల్వ టు కొత్త-నిల్వ’ అనే ఒక్క వాక్యం చాలు, ప్యాక్డ్ రూపాన్ని విప్పే పని కోబాలే చూసుకుంటుంది. మైనస్ 1250.75 పాత ఫైలులో హెక్స్‌లో (ఒక్కో బైటును రెండు చిహ్నాలతో చూపే పద్ధతి) 00 01 25 07 5డి అని ఉంటే, కొత్త దానిలో ముందు మైనస్ గుర్తు, వెనుక 00000125075 వస్తాయి. ఇక్కడ సైన్ సెపరేట్ అని రాయకపోతే గుర్తు చివరి అంకెలో కలిసిపోయి, మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్ అయిన ఎబ్సిడిక్‌లో ఆ 5 కాస్తా ‘ఎన్’ అక్షరంగా కనిపిస్తుంది. కొత్త ఫైలును అందుకునే జట్టు జావాలో చదువుతుంటే ఆ అక్షరం ఏమిటో వాళ్లకు తెలియదు.

ఇదే మార్పిడి వెనక్కి చేస్తే, అంటే ఎస్9(9)వి99 నుంచి ఎస్9(7)వి99కు పంపితే, మూవ్ ఎడమవైపు అంకెలను వదిలేస్తుంది: 1,23,45,678.50 కాస్తా 23,45,678.50 అయి ఒక కోటి రూపాయలు మాయమవుతాయి. అలాంటి చోట మూవ్ బదులు కంప్యూట్ రాసి, అంకెలు ఫీల్డులో పట్టకపోతే పట్టుకునే ఆన్ సైజ్ ఎర్రర్ జతచేయాలి.

3. తేదీకి శతాబ్దం చేర్చండి

తేదీని, అవే బైట్లకు మరో లేఔట్ ఇచ్చే రీడిఫైన్స్‌తో సంవత్సరం, నెల, రోజుగా విడగొట్టి, సంవత్సరం 50 కంటే తక్కువైతే 20, లేకపోతే 19 ముందు చేర్చడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎందరో తెలుగు ప్రోగ్రామర్లకు అమెరికా దారి చూపిన వై2కే (2000 సంవత్సరపు తేదీ సమస్య) పనుల్లో కూడా చాలాచోట్ల ఫైలును పెంచకుండా ఈ పద్ధతితోనే సరిపెట్టారు, అందుకే రెండంకెల సంవత్సరాలు ఇంకా కనిపిస్తాయి. అయితే ఈ హద్దును ఫీల్డును బట్టి నిర్ణయించాలి. ఖాతా తెరిచిన తేదీకి 50 సరిపోవచ్చు గానీ, 1938లో పుట్టినవారి జన్మతేదీకి అదే వాడితే 2038 వస్తుంది. 000000 అని ఉన్న తేదీలను ఈ లెక్కలోకి రానివ్వకుండా, సున్నాలుగానే పంపాలి.

4. చెడ్డ విలువలను ముందే ఆపండి

మూవ్‌కు ముందే ఖాతా నంబరు, తేదీ, నిల్వలను, వాటిలో చెల్లే అంకెలే ఉన్నాయో లేదో చూసే ‘ఇఫ్ న్యూమరిక్’ పరీక్షకు పెట్టండి. ఎవరో నిల్వ ఫీల్డులో స్పేసెస్ నింపి వదిలేస్తే, ఎబ్సిడిక్‌లో అది ఐదు బైట్ల 40 అవుతుంది. గుర్తు ఉండవలసిన చివరి అర బైటులో 0 ఉండటంతో లెక్క చేసే చోట ప్రోగ్రాము ఎస్0సి7 (చెల్లని అంకెల ఎర్రర్)తో పడిపోతుంది. అర్ధరాత్రి బ్యాచ్ ఆగిపోవడం కంటే అలాంటి రికార్డును ఉన్నదున్నట్టుగా 80 బైట్ల రిజెక్ట్ ఫైలులోకి రాసి ముందుకు సాగడం నయం.

5. సరిచూసుకుని పంపండి

చదివినవి, రాసినవి, రిజెక్ట్ అయినవి లెక్కపెట్టండి. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. తిరస్కరించనివాటి పాత నిల్వల మొత్తం, కొత్త ఫైలును మళ్లీ తెరిచి కూడిన మొత్తం పైసాతో సహా కలవాలి. మొదటి రికార్డు, చివరి రికార్డు, మైనస్ నిల్వ ఉన్న ఒక రికార్డు హెక్స్‌లో తెరిచి చూడండి. ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి (మామూలు కంప్యూటర్ల అక్షర కోడ్) మార్చడం అన్నింటికంటే చివరన, కొత్త ఫైలు మీదనే జరగాలి. పాత ఫైలును నేరుగా టెక్స్ట్ మోడ్‌లో ఎఫ్‌టీపీ (ఫైళ్లను ఒక కంప్యూటరు నుంచి మరోదానికి పంపే పద్ధతి) చేస్తే ప్యాక్డ్ బైట్లను కూడా అక్షరాలనుకుని మార్చేస్తుంది, అలా చెడిపోయిన నిల్వలను అవతలివైపు నమ్మకంగా రాబట్టలేరు.