మజిల్‌లోడర్‌తో తెల్లతోక జింక వేట, 5వ పాఠం: మందు కొలవాలి, తూచకూడదు

మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతిలోంచి తుపాకిమందూ తూటా దట్టించే తుపాకీ. నాలుగో పాఠం చదివి దాన్ని దట్టించినవాళ్ళలో ముగ్గురు నాకు రాశారు. ఒకరికి తుపాకీ తన్నిన తన్నుకు భుజం కమిలిపోయింది. ఒకరికి ప్రైమర్, అంటే మందును అంటించే చిన్న నిప్పు బిళ్ళ, టప్‌మంది కానీ తుపాకీ పేలలేదు. మూడో ఆయన ఆరు తూటాలు కాలిస్తే ఆరూ ఆరు చోట్ల పడ్డాయి. ఈసారి చేలో ఎక్కడ కూర్చోవాలో చెబుతానన్నాను. ఆ మాట మరిచిపోలేదు. కానీ ఈ మూడూ తేలకుండా మిమ్మల్ని చేలోకి పంపడానికి నాకు మనసొప్పడం లేదు. జనవరి మొదట్లో అమెరికాలోని ఒహాయోలో ఈ వేటకు మనకు దొరికేది నాలుగు రోజులు. గొట్టంలో ఉండేది ఒక్క తూటా.

భుజం కమిలిన ఆయన సంగతి ముందు చూద్దాం, అది అన్నిటికన్నా ప్రమాదం. ఆయన వాడింది పైరోడెక్స్, పాతకాలపు నల్లటి తుపాకిమందుకు బదులు వాడే పొడి మందు. పోయిన పాఠంలో నేను 90 గ్రెయిన్లు అన్నాను కదా, డిజిటల్ తక్కెడ తెచ్చి కచ్చితంగా 90 గ్రెయిన్లు తూచి పోశారు. జాగ్రత్తపరుడు కాబట్టే తూచారు, ఆ జాగ్రత్తే తప్పయింది.

ఇందులో మడత పేచీ ఏమిటంటే, ఒకే మాటకు రెండు అర్థాలు. తూటా డబ్బా మీద 250 గ్రెయిన్లు అని ఉంటే అది బరువు. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. మందు దగ్గరికొచ్చేసరికి 90 గ్రెయిన్లు అంటే బరువు కాదు, ఇత్తడి కొలత గొట్టంలో 90 గీత దాకా పట్టే మందు. ఆ గీతలు పెట్టింది పాతకాలపు నల్లమందును (బ్లాక్ పౌడర్) బట్టి. నల్లమందు పోస్తే గీతా బరువూ ఇంచుమించు కలుస్తాయి. పైరోడెక్స్ అలా కాదు, తేలిక. 100 గీత దాకా పోసి తూస్తే సుమారు 70 గ్రెయిన్లే తూగుతుంది. దీన్ని తిరగేసి చూడండి. 90 గ్రెయిన్లు తూచి పోస్తే కొలతలో అది 130 దగ్గరికి పోతుంది. 100 తూచినవాడు 140 దాటతాడు.

మా అవ్వ అనంతపురంలో పడితో బియ్యం కొలిచేది, అదే పడితో బొరుగులూ కొలిచేది. రెండూ ఒక్కటే బరువని ఆమె ఏనాడూ అనుకోలేదు. పడి బియ్యం ఎంత తూగుతాయో చూసుకుని, అంత బరువుకు బొరుగులు తూచి పడిలో పోయబోతే ఇల్లంతా బొరుగులే. శేరు అన్న మాట కూడా మన ఊళ్ళలో ఒకచోట బరువు, ఇంకోచోట కొలత. సంతలో ఏ శేరు అని అడిగి కొనేవాళ్ళం. ఇక్కడా అలాగే అడగాలి: ఏ గ్రెయిను?

ట్రిపుల్ సెవెన్ అనే ఇంకో రకం మందుతో ఇంకో మెలిక ఉంది. అదీ కొలతతోనే పోయాలి, కానీ నల్లమందు కన్నా బలమైంది. నల్లమందుకు చెప్పిన కొలతలో 15 శాతం తగ్గించి పొయ్యమని తయారీదారులే చెబుతారు. 100కు బదులు 85. గోళీలుగా వచ్చే మందు వాడేవాళ్ళకు ఈ తిప్పలు లేవు, 50 గ్రెయిన్ల గోళీ అంటే అది కొలతకు సమానంగా చేసిందే, రెండు వేస్తే 100. నాకు మాత్రం గోళీలు నచ్చవు. పొడి మందైతే అయిదు గ్రెయిన్లు అటూ ఇటూ మార్చి నా తుపాకీకి ఏది కుదురుతుందో చూసుకోగలను. మీ తుపాకీ పుస్తకంలో రాసిన హద్దు మాత్రం ఎవరు చెప్పినా, నేను చెప్పినా దాటవద్దు. మామూలు రైఫిల్ తూటాల్లో వాడే పొగలేని మందును వీటిలో చిటికెడు కూడా పోయకూడదు. గొట్టం పగిలి చేతులు పోతాయి.

మందు డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి వంపకూడదని వేరే చెప్పక్కర్లేదనుకున్నాను. అలా వంపిన ఫోటో ఒకటి చూశాక చెబుతున్నాను. గొట్టంలో నిప్పు రవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం మీ చేతిలో అంటుకుంటుంది. ముందు కొలత గొట్టంలోకి, అక్కడి నుంచి తుపాకీలోకి.

ఇక ప్రైమర్ టప్‌మని ఊరుకున్న తుపాకీ. రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. శుభ్రం చేశాక పూసిన నూనె, ప్రైమర్ నిప్పు మందు దాకా వెళ్ళే వెనక దారిలో మిగిలి ఉండొచ్చు. దట్టించే ముందు ఖాళీ తుపాకీని నేలవైపు పెట్టి రెండు ప్రైమర్లు (209 రకం) కాల్చండి. తర్వాత రామ్‌రాడ్‌తో, అంటే తూటాను గొట్టంలోకి దట్టించే కడ్డీతో, గుడ్డముక్క అడుగు దాకా దింపి తీయండి. గుడ్డ మీద నల్లటి మచ్చ పడితే నిప్పుకు దారి ఉన్నట్టు. రెండో కారణం చెమ్మ. నా మొదటి ఏడు ఇదే జరిగింది. దట్టించిన తుపాకీ నుంచి ప్రైమర్ తీసేసి, రాత్రికి వెచ్చటి వంటింటి పక్కన పెట్టాను. చల్లటి ఇనుము మీద చెమ్మ పట్టింది. మర్నాడు పొద్దున నలభై గజాల్లో ఆడ జింక నిలబడితే టప్‌మన్న చప్పుడు మాత్రం వచ్చింది. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే ప్రైమర్ తీసి, బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక మూత) విప్పి, మందునీ తూటానీ రామ్‌రాడ్‌తో వెనక్కి తోసేస్తాను. మర్నాడు కొత్త మందు.

పేలనప్పుడు తుపాకీని కదపకండి. గురివైపే పట్టుకుని కనీసం నిమిషం ఆగండి. ఆలస్యంగా అంటుకోవడం ఈ తుపాకుల్లో ఉన్నదే.

ఆరు చోట్ల పడిన తూటాలకు విరుగుడు చాలా చిన్నది. తూటా ప్రతిసారీ మందు మీద ఒకే చోట ఆనాలి. మందుకూ తూటాకూ మధ్య ఖాళీ ఉంటే గురి తప్పడం అటుంచి, గొట్టమే ఉబ్బి పగలొచ్చు. ఖాళీ తుపాకీకి ఒక గీత, సరిగ్గా దట్టించాక ఒక గీత రామ్‌రాడ్ మీద పెట్టుకోండి. నేను మా అమ్మాయి గోళ్ళరంగు వాడాను, నాలుగేళ్ళుగా చెరగలేదు. కాల్చిన ప్రతిసారీ తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి దింపండి. రామ్‌రాడ్‌ను వేళ్ళతో పట్టుకుని కొద్దికొద్దిగా నెట్టండి. అరచేయి గానీ ముఖం గానీ గొట్టం మూతికి ఎదురుగా రాకూడదు.

ఇప్పుడు చేను. ఇది మా మామగారి పొలం, మొక్కజొన్న, సోయా వేస్తారు. ఒహాయోలో సొంత భూమిలో వేటాడే అక్కడి నివాసి అయిన యజమానికీ, భార్యకూ లేదా భర్తకూ, పిల్లలకూ లైసెన్సూ జింక పర్మిటూ అక్కర్లేదు. అల్లుడికి ఆ వెసులుబాటు లేదు, నేను రెండూ కొంటాను. ఎవరు కొట్టినా మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల నమోదు చేయించాలి. నారింజ రంగు చొక్కా తప్పనిసరి. జింక పక్కవాళ్ళ పొలంలో పడితే, వాళ్ళను అడిగాకే కంచె దాటాలి. కంచె దాటే ముందు ప్రైమర్ తీసెయ్యాలి. మన ఊళ్ళలో నాటు తుపాకీ చూసి పెరిగినవాళ్ళు ఇది అక్కడా పనికొస్తుందా అని అడుగుతున్నారు. పనికిరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ జింకను కొట్టడం నేరం.

జనవరికి జత కట్టే కాలం అయిపోయి ఉంటుంది. జింకకు అప్పుడు ఆకలే ఆకలి. కోత కోసిన మొక్కజొన్న చేలో రాలిన గింజల కోసం సాయంత్రాలు చెట్ల వరస దాటి వస్తుంది. గాలి జింక వైపు నుంచి మీ వైపు వీచేలా చేను అంచున కూర్చోండి. మేసే చోటు మీదుగా నడిచి వెళ్ళొద్దు. వెనక మట్టి గట్టు లేని చోట, ఇల్లో రోడ్డో ఉన్న వైపు, ఎంత మంచి జింకైనా వదిలెయ్యండి. పక్కకు తిరిగి నిలబడినప్పుడే, ముందు కాలి వెనకగా కొట్టండి. పొగ కమ్మేస్తుంది కాబట్టి వెంటనే పక్కకు వంగి ఎటు పరిగెత్తిందో చూడండి. నురగతో గులాబీరంగు నెత్తురు ఉంటే ఊపిరితిత్తులు తగిలినట్టు, అరగంట ఆగి వెళ్ళండి. పచ్చటి పసరు కలిసి ఉంటే పొట్ట, గంటల తరబడి వదిలెయ్యాలి. తరిమితే దొరకదు, బాధపడి ఎక్కడో చస్తుంది. నాకు ఈ వేటలో అన్నిటికన్నా భయం అదే.

అభ్యాసం. ఒక రోజు కూర్చుని ముప్ఫై తూటాలు కాల్చడం నాకొద్దు. చేలో మీకు దొరికేది శుభ్రమైన, చల్లటి గొట్టంలోంచి వచ్చే మొదటి తూటా ఒక్కటే. అందుకని పది వేర్వేరు పొద్దులు, రోజుకు ఒక్క తూటా. చలికోటూ చేతితొడుగులూ వేసుకుని నేల మీద కూర్చుని 50 గజాల నుంచి కాల్చండి. ఆరు అంగుళాల పళ్ళెం గీసిన ఒకే కాగితాన్ని పది రోజులూ వాడండి, ప్రతి చిల్లు పక్కన తేదీ రాయండి. పదీ పళ్ళెంలో పడితే 60 గజాలకు వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి పది. ఒక్కటి బయటపడినా ఆగి, ముందటి దూరమే మీ హద్దు అనుకోండి. నా హద్దు 80. ఆరో పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.