మీ ఫొటోను ఎవరైనా అడగకుండా వాడుకుంటే

పోయిన రంజాన్‌కి లాడ్ బజార్‌లో నేను తీసిన గాజుల ఫొటో ఒక చిన్న ఆన్‌లైన్ షాపులో కనిపించింది. మూలనున్న నా పేరు కత్తిరించేశారు. గాజుల మీద పడిన నా దుపట్టా అంచు నీడ మాత్రం అలాగే ఉంది. ఒళ్లు మండిపోయింది.

అయినా వెంటనే మెసేజ్ పెట్టకండి. అడగ్గానే డిలీట్ చేసేస్తారు. ముందు లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కెమెరాలోని ఒరిజినల్ ఫైల్ భద్రంగా దాచండి, గట్టి సాక్ష్యం అదే. ఫొటోకి కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదని టెన్షన్ వద్దు, 1957 కాపీరైట్ చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు.

తర్వాత మర్యాదగా రాయండి: "ఇది నా ఫొటో అండి. వారంలోగా తీసేసి, వాడుకున్నందుకు రెండు వేలు పంపండి." నాకు మూడో రోజే వచ్చాయి. చిన్న షాపులవాళ్లలో కొందరికి నిజంగానే తెలియదు, బెదిరించొద్దు.

పలకకపోతే ప్లాట్‌ఫామ్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2013 కాపీరైట్ రూల్స్ ప్రకారం, ఫిర్యాదు సరైనదనిపిస్తే వాళ్లు 36 గంటల్లో ఆ ఫొటో కనిపించకుండా ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఆర్డర్ తేకపోతే వాళ్లు దాన్ని మళ్లీ పెట్టొచ్చు.

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు ఒక మాట: డబ్బు తీసుకుని తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవాళ్లదే. అడ్వాన్స్ తీసుకునే రోజే కాగితం రాసుకోండి.